సాస్తి ఓబీ కుప్పలో నల్లరాయి, టెక్సస్‌లో మినరల్ రైట్స్

మన చంద్రపూర్ జిల్లా సాస్తి ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని దగ్గర టిప్పర్లు ఓబీ (బొగ్గు మీదున్న పనికిరాని మట్టీ, రాళ్లూ) కుప్ప మీదికి మోసి పారబోసే రాళ్లలో నల్లగా, పలకలు పలకలుగా ఊడే రాయి ఒకటి ఉంటుంది. గని పనివాళ్లకు అది షేల్. బొగ్గు పొరల మధ్య దూరితే బూడిద శాతం పెంచి గ్రేడు దించుతుంది. పైకప్పులో ఉంటే తడికి మెత్తబడి పెచ్చులుగా రాలుతుంది. కుప్పలో పోస్తే బొగ్గు ముక్కలతో కలిసి దానంతటదే రాజుకుని నెలల తరబడి పొగ కక్కుతుంది. ఎటు చూసినా మనకు అక్కరకు రాని రాయి. టెక్సస్‌లో మాత్రం ఆ జాతి రాయి కోసమే నేల పైభాగానికి ఒక ధర, కిందిభాగానికి ఇంకో ధర పలుకుతాయి. అక్కడ ఇల్లో జాగానో కొన్న పిల్లలకు "మీ మినరల్ రైట్స్ (నేల కింది ఖనిజం మీది హక్కు) మేం కొంటాం" అని ఉత్తరం రావడం, దాని ఫోటో వాట్సాప్‌లో బల్లార్షాకో రాజురాకో చేరడం, "మన పొలం కింద బొగ్గుంటే మనకేమీ రాలేదు, వాడికెలా వస్తుంది?" అని ఇంట్లో వాదన మొదలవడం మామూలే. ఆ వాదన తెగాలంటే ముందు రాయి సంగతి, తర్వాత కాయితం సంగతి తెలియాలి.

ఒక చిత్రమైన సంగతి. టెక్సస్ పడమటి భాగంలో ఇప్పుడు చమురు పొంగిస్తున్న బేసిన్ పేరు పెర్మియన్. అది భూమి వయసులో ఒక కాలం పేరు, సుమారు 30 కోట్ల నుంచి 25 కోట్ల ఏళ్ల కిందటిది. మన వార్ధా లోయ బొగ్గున్న బరాకర్ పొరలు కూడా ఆ కాలానివే. అక్కడ వెచ్చని సముద్రం అడుగున బురద పేరుకుని వుల్ఫ్‌క్యాంప్ షేల్ అయింది. ఇక్కడ, మంచు కరిగి వెనక్కి తగ్గిన గోండ్వానా నేల మీద, నదుల పక్క చిత్తడిలో చెట్లు పడి కుళ్లి బొగ్గు అయింది. కాలం ఒకటే, వంటే వేరు.

ఆ తేడా కెరోజెన్‌లో ఉంది. బురదలో చిక్కిన జీవపదార్థం మారి అయ్యే మైనం లాంటి సరుకు అది. సముద్రపు సూక్ష్మజీవుల నుంచి వచ్చింది టైప్ 2: ఉడికితే ముందు చమురు, ఇంకా ఉడికితే గ్యాస్ ఇస్తుంది. చెట్ల కట్టె నుంచి వచ్చింది టైప్ 3: అది ఎక్కువగా గ్యాసే ఇస్తుంది. ఎంత ఉడికిందో కొలవడానికి విట్రినైట్ అనే కణం మీద వెలుగు వేసి, ఎంత శాతం తిరిగి వస్తుందో చూస్తారు. 0.6 నుంచి 1.3 దాకా ఉంటే చమురు, అది దాటితే గ్యాస్. తేమ ఎక్కువుండే మన నాన్‌కోకింగ్ బొగ్గు పెద్దగా ఉడకలేదనే చెప్పాలి. గోండ్వానా షేల్ పనికిరాదని దీనర్థం కాదు. 2011 జనవరిలో దుర్గాపూర్ దగ్గర ఓఎన్‌జీసీ తవ్విన ప్రయోగ బావిలో, సుమారు 1,700 మీటర్ల లోతున, బ్యారెన్ మెజర్స్ షేల్ నుంచి గ్యాస్ వచ్చింది. పేరులో బ్యారెన్ అంటే గొడ్డు అని. బొగ్గు లేదని బొగ్గువాళ్లు పెట్టిన పేరు అది.

మంచి షేల్‌కు ఉడకడం ఒక్కటే చాలదు. సేంద్రియ కార్బన్ కనీసం 2 శాతం ఉండాలి, పొర పదుల మీటర్ల మందం ఉండాలి, రాయి పెళుసుగా ఉండాలి. క్వార్ట్జ్, సున్నం ఎక్కువైతే పగులుతుంది. బంకమట్టి 40 శాతం దాటితే పగిలిన చోటే మళ్లీ అతుక్కుంటుంది, పగులు తెరిచి ఉంచడానికి తోసిన ఇసుక అందులో కూరుకుపోతుంది. మామూలు చమురు ఇసుకరాయితో పోలిస్తే షేల్‌లో ద్రవం కదిలే వేగం పది లక్షల రెట్లు తక్కువ. అందుకే రెండున్నర, మూడు కిలోమీటర్లు నిలువుగా దిగి, అక్కడి నుంచి మరో మూడు కిలోమీటర్లు అడ్డంగా పొరలోనే తవ్వి, గొట్టానికి కొద్దికొద్ది దూరంలో చిల్లులు పొడిచి, నీళ్లు ఇసుక ఒత్తిడితో కొడతారు. దీన్నే ఫ్రాక్ చేయడం అంటారు. అలాంటి బావి ఒక్కదానికి నాలుగైదు లక్షల బ్యారెళ్ల నీళ్లు, వేల టన్నుల ఇసుక పడుతుంది. జార్జ్ మిచెల్ కంపెనీ 1990ల చివర ఫోర్ట్‌వర్త్ దగ్గర బార్నెట్ షేల్‌లో చిక్కటి జెల్ మానేసి పల్చటి నీళ్లతో కొట్టడం నేర్చాక ఈ లెక్క గిట్టుబాటైంది.

ధరకూ దీనికీ నేరు సంబంధం ఉంది. దక్షిణ టెక్సస్‌లో ఈగిల్‌ఫోర్డ్ పొర ఆగ్నేయానికి వాలుతూ దిగుతుంది. వాయవ్యాన చమురు, మధ్యలో కండెన్సేట్ (గ్యాస్‌తో పాటు వచ్చే పల్చటి చమురు), లోతుకు పోయాక ఉత్త గ్యాస్. పొర పేరు ఒకటే అయినా రెండు కౌంటీల మధ్య ఎకరం విలువ పొంతన లేకుండా మారుతుంది. "మా స్నేహితుడికి ఎకరానికి ఇంత వచ్చింది" అన్న మాట అందుకే పనికిరాదు. అతని జాగా ఏ పొర మీద, ఆ పొరలో ఏ కిటికీలో (చమురా, కండెన్సేటా, గ్యాసా) ఉందో ముందు అడగాలి.

ఇక కాయితం. రాజురా తాలూకాలో మీ పేరు మీద ఒకటే సాత్‌బారా (7/12 భూమి పత్రం) ఉంటుంది. దాని కింద ఏముందన్నది మహారాష్ట్ర ల్యాండ్ రెవెన్యూ కోడ్ 1966లోని 48వ సెక్షన్ తేల్చేసింది: ప్రభుత్వం ఇచ్చిన పట్టాలో వేరేగా రాసి ఉంటే తప్ప, ఎక్కడ దొరికిన ఖనిజమైనా రాష్ట్ర ప్రభుత్వానిదే. 2013లో సుప్రీంకోర్టు థ్రెసియమ్మ జాకబ్ కేసులో "నేల ఎవరిదో కింది ఖనిజం వాళ్లదే" అన్నదంటూ ఒక మెసేజ్ తిరుగుతుంటుంది. తీర్పు నిజమే. కానీ అది కేరళ మలబార్‌లో జెన్మి (పాతకాలపు సొంతదారు) భూముల గొడవ. పైగా యజమాని అయినంత మాత్రాన లీజు లేకుండా తవ్వే హక్కు రాదు. బొగ్గుకైతే 1957 నాటి కోల్ బేరింగ్ ఏరియాస్ చట్టం వేరే ఉంది. 4వ సెక్షన్ నోటిఫికేషన్ అంటే వెతుకుతారు. 7వ సెక్షన్ అంటే తీసుకోబోతున్నారు. 9వ సెక్షన్ వచ్చిందంటే తీసుకున్నట్టే. 7 వచ్చిన 30 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. మనవాళ్లు తప్పేది ఇక్కడే: తాత పోయి ఇరవై ఏళ్లైనా వారసుల పేర్లు ఎక్కించకుండా వదిలేస్తారు, నోటిఫికేషన్ వచ్చాక తలాఠీ (ఊరి రెవెన్యూ అధికారి) దగ్గరికి పరుగు తీస్తారు. కోల్ ఇండియా 2012 విధానంలో రెండెకరాలకు ఒక ఉద్యోగం లెక్క. అన్నదమ్ముల వాటాలు ఫేర్‌ఫార్ (పేరు మార్పు నమోదు)లో తేలకపోతే ఆ రెండెకరాలు ఎవరివో తేలదు. చమురు, గ్యాస్ సంగతీ అంతే: 1948 ఆయిల్‌ఫీల్డ్స్ చట్టాన్ని 2025లో సవరించి షేల్ గ్యాస్‌ను కూడా మినరల్ ఆయిల్స్ నిర్వచనంలో చేర్చారు. లీజు ఇచ్చేది ప్రభుత్వం. రైతుకు దక్కేది పైనేల పరిహారమే.

టెక్సస్‌లో ఒకే జాగాకు రెండు సాత్‌బారాలు ఉన్నాయనుకోండి. పైనేల ఒకరిది, కింది ఖనిజం మరొకరిది కావచ్చు. చట్టం దృష్టిలో కిందిదే పైచేయి: ఖనిజం ఉన్నవాడు తవ్వడానికి అవసరమైనంత మేర పైనేలను వాడుకోవచ్చు. డెంటన్, టారంట్, జాన్సన్ కౌంటీల్లో బార్నెట్ మీద కట్టిన కాలనీల్లో చాలాచోట్ల బిల్డరో, అంతకు ముందు రైతో మినరల్స్ తనకే ఉంచుకుని ఇల్లు అమ్మారు. మీ పిల్లల డీడ్‌లో "ఖనిజాలు మినహాయించి" అన్న వాక్యం ఉందో లేదో మొదట చూడాలి. ఆ డీడ్‌లో లేకపోయినా పాత డీడ్‌లో ఉండొచ్చు. కౌంటీ క్లర్క్ ఆఫీసులో అమ్మినవాడి పేరు పట్టుకుని ఒక్కో డీడ్ వెనక్కి పోవాలి, ఆ పని చేసేవాడిని ల్యాండ్‌మ్యాన్ అంటారు. టైటిల్ ఇన్సూరెన్స్ ఉందిగా అనుకోవద్దు, ఖనిజాలను అది సాధారణంగా మినహాయిస్తుంది. 1930లలో ఎవరో ఉంచుకున్న హక్కు ఇన్నాళ్లూ వాడలేదని టెక్సస్‌లో చచ్చిపోదు. పక్కనున్న లూసియానాలో మాత్రం పదేళ్లు వాడకపోతే పోతుంది. రాష్ట్రం మారితే రూలు మారుతుంది.

కాలనీ ఇంటివాళ్ల ఆశ కొంచెం దించాలి. 0.2 ఎకరం స్థలం, బావి కోసం కలిపిన 640 ఎకరాల యూనిట్, నాలుగో వంతు రాయల్టీ (లీజు తీసుకుని తవ్వే కంపెనీ అమ్మకంలోంచి ఖనిజం హక్కుదారులకు ఇచ్చే వాటా). 0.2ను 640తో భాగించి 0.25తో గుణిస్తే 0.000078125. యూనిట్‌లో నెలకు 3 లక్షల డాలర్ల గ్యాస్ అమ్ముడైతే మీ వాటా 23 డాలర్లు. అంత చిన్న మొత్తాన్ని 100 డాలర్లయ్యేదాకా కూడబెట్టి పంపుతారు. దీనికోసం వకీలును పెట్టుకుంటే చేతి డబ్బే ఖర్చు.

పదెకరాల జాగాలో సగం మినరల్స్ ఉన్నవాళ్ల లెక్క వేరు. నికర మినరల్ ఎకరాలు 5. ఐదును 640తో భాగించి 0.25తో గుణిస్తే 0.00195313. బావి నెలకు 20,000 బ్యారెళ్లు తీసి, బ్యారెల్ 70 డాలర్లు అనుకుంటే వాటా 2,734 డాలర్లు. అందులో చమురు మీద టెక్సస్ సెవరెన్స్ ట్యాక్స్ (నేలలోంచి తీసినందుకు రాష్ట్రం వేసే పన్ను) 4.6 శాతం పోతే 2,608. గ్యాస్ మీదైతే ఆ పన్ను 7.5 శాతం. డివిజన్ ఆర్డర్ అనే కాయితంలో ఈ దశాంశం ఎనిమిది అంకెల దాకా రాసి సంతకం అడుగుతారు. సంతకానికి ముందు చేత్తో వేసి చూసుకోవాలి. తప్పు ఎక్కువగా రెండు చోట్ల దొర్లుతుంది: పాత డీడ్‌లో "సగంలో సగం" అన్నదాన్ని సగం అని రాసుకోవడం, లీజులో నాలుగో వంతు ఉంటే పాత అలవాటుగా ఎనిమిదో వంతు వేయడం.

అమ్మకం ధర దగ్గర మోసపోయేది కూడా ఎకరం అన్న మాట మీదే. కొనేవాడు నికర రాయల్టీ ఎకరానికి 8,000 ఇస్తానంటాడు. నికర రాయల్టీ ఎకరం అంటే ఎనిమిదో వంతు రాయల్టీ లెక్కకు కుదించిన ఎకరం. మీ లీజు నాలుగో వంతు అయితే మీ 5 మినరల్ ఎకరాలు 10 రాయల్టీ ఎకరాలవుతాయి, మొత్తం 80,000 రావాలి. ఐదుకే గుణించి 40,000కు డ్రాఫ్ట్ రాస్తే సగం పోయినట్టే. ఇవి లెక్క చూపడానికి వేసిన అంకెలు, మార్కెట్ ధర అనుకోవద్దు.

రెండో పద్ధతి నెలసరి చెక్కును ఇన్ని నెలలతో గుణించడం. షేల్ బావికి ఇది ప్రమాదం. మొదటి ఏడాదిలోనే ఉత్పత్తి సగానికి పైగా, చాలాచోట్ల 70 శాతం దాకా పడిపోతుంది, తర్వాత మెల్లగా సాగుతుంది. కొత్త బావి మూడో నెల చెక్కు చూసి "ఏడాదికి ఇంత, పదేళ్లకు ఇంత" అని ఇంట్లో వేసే లెక్కలన్నీ గాలిలో మేడలు. తలకిందులుగా జరిగేదీ ఉంది. పాత బావి చెక్కు 300 డాలర్లకు పడిపోయింది, కొనేవాడు దాన్ని 60తో గుణించి 18,000 ఇస్తానంటాడు. బాగుందనిపిస్తుంది. కానీ మిడ్‌ల్యాండ్ వైపు ఒకే జాగా కింద స్ప్రాబెరీ పొరలు, వుల్ఫ్‌క్యాంప్ ఏ, బీ అంటూ మెట్లు మెట్లుగా ఉంటాయి. ఒక మెట్టులో ఒక్క బావి పడిందంటే మిగతావి ఇంకా ఉన్నాయని. ఆయన కొంటున్నది వాటినే, ముసలి బావిని కాదు.

అందుకే ఉత్తరం రాగానే చేయాల్సిన మొదటి పని టెక్సస్ రైల్‌రోడ్ కమిషన్ మ్యాప్ తెరవడం. పేరులో రైలున్నా చమురు బావుల అజమాయిషీ దానిదే. మీ జాగా చుట్టూ ఒకటి రెండు మైళ్లలో డబ్ల్యు-1 అనే డ్రిల్లింగ్ పర్మిట్ ఏదైనా ఈ మధ్య పడిందా? అడ్డబావి గీత మీ జాగా కిందుగా పోతోందా? తవ్వి ఇంకా ఫ్రాక్ చేయని బావి ఉందా? ఉత్తరాలు సరిగ్గా అప్పుడే వస్తాయి. ఈ సమాచారమంతా ఉచితం. అది చూడకుండా బేరం ఆడటమంటే తూకం చూడకుండా పత్తి అమ్మడమే.

కవరులో చెక్కులా ఉండే కాయితం కూడా ఉంటుంది. అది చెక్కు కాదు, డ్రాఫ్ట్. "టైటిల్ సరిచూశాక, ఇన్ని బ్యాంకు దినాల తర్వాత చెల్లించబడును" అని కింద సన్నగా రాసి ఉంటుంది. డీడ్ సంతకం చేసి పంపారంటే అది వాడి చేతిలో ఉంది, డబ్బు మాత్రం మీ చేతిలో లేదు. ఆ గడువులో వాడు ఇంకొకడికి ఎక్కువకు అమ్మజూస్తాడు. కుదరకపోతే "టైటిల్ బాగాలేదు" అని డ్రాఫ్ట్ తిప్పి పంపుతాడు, ఈలోగా డీడ్ కౌంటీలో ఎక్కించి ఉంటే దాన్ని వెనక్కి తెచ్చుకోవడం మీ తలనొప్పి. మందు ఒకటే: డీడ్ టైటిల్ కంపెనీ దగ్గరో వకీలు దగ్గరో ఉండాలి, వైర్ పడ్డాకే రిజిస్టర్‌కు పోవాలి. మినరల్ హక్కును కొంటామని డీడ్, డ్రాఫ్ట్ కలిపి పోస్టులో పంపేవాళ్లు, "ఈ పత్రం ఇస్తే మీరు మీ మినరల్ హక్కును అమ్ముతున్నట్టే" అన్న అర్థం వచ్చే వాక్యాన్ని పెద్ద అక్షరాల్లో పెట్టాలని టెక్సస్ ప్రాపర్టీ కోడ్ చెబుతుంది. అది లేకపోతే ఆ కవరును అక్కడే పక్కన పెట్టొచ్చు.

డీడ్‌లో నాలుగు మాటలు వేలు పెట్టి చదవాలి. "ఈ కౌంటీలో నాకున్న హక్కులన్నీ" అని ఉంటే కొట్టేయించండి, అమ్మేది ఏ సర్వే, ఏ ట్రాక్ట్, ఎన్ని ఎకరాలో అంతే ఉండాలి. జనరల్ వారంటీ బదులు స్పెషల్ వారంటీ (మీ చేతిలో ఉన్న కాలపు లోపాలకే పూచీ) అడగండి. జనరల్ అయితే వందేళ్ల కిందటి లోపానికి కూడా మీరే జవాబుదారీ. ఎఫెక్టివ్ డేట్ (అమ్మకం అమల్లోకి వచ్చే తేదీ) వెనక్కి జరిపి ఉంటే ఈలోగా పుట్టిన రాయల్టీ కొనేవాడిదవుతుంది. సస్పెన్స్‌లో (హక్కు తేలేదాకా చెల్లించకుండా కంపెనీ దగ్గరే) ఆగిన పాత బాకీల మీద "ఇప్పటిదాకా పోగైనవన్నీ" అన్న మాట ఉంటే అవీ పోతాయి, ఒక్కోసారి ఆ బాకీ అమ్మకం ధరకంటే ఎక్కువుంటుంది.

హక్కుదారు ఇక్కడికి తిరిగొచ్చి చాందా (చంద్రపూర్)లో ఉంటున్నా, కొడుకు పోతే తల్లిదండ్రులకు వారసత్వంగా వచ్చినా పని రెండింతలు. వారసత్వమైతే ముందు ఆ కౌంటీలో ప్రొబేట్ (కోర్టులో వీలునామా నిరూపణ) కానీ, వారసుల అఫిడవిట్ కానీ నమోదవ్వాలి. లేకపోతే ఆపరేటర్ (బావి నడిపే కంపెనీ) చెక్కులు సస్పెన్స్‌లోనే ఉంచి, ఏళ్లు గడిచాక రాష్ట్ర కంప్ట్రోలర్ (ఖజానా అధికారి) దగ్గర అన్‌క్లెయిమ్డ్ ప్రాపర్టీ (ఎవరూ అడగని సొమ్ము)లో జమచేస్తాడు. డీడ్ మీద మన నోటరీ ముద్ర ఒక్కటే చాలదు. దానిపై రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, ఆపైన విదేశాంగ శాఖ అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర) కావాలి, లేదా అమెరికా కాన్సులేట్‌లో సంతకం చేయాలి. మనకు హైదరాబాద్ దగ్గరైనా మహారాష్ట్ర ముంబై కాన్సులేట్ పరిధిలోకి వస్తుంది, అపాయింట్‌మెంట్ తీసుకునేముందు అడిగి పెట్టుకోండి. సిరొంచవాళ్లకు ఇది మరీ దూరాభారం.

పన్ను దగ్గర అమెరికా రెసిడెంట్ కానివాళ్లకు రెండు కోతలు. రాయల్టీ మీద 30 శాతం మూలంలోనే పట్టుకుంటారు. నికర ఆదాయం మీద పన్ను కట్టేలా ఎన్నుకుంటే ఖర్చులూ, 15 శాతం డిప్లీషన్ (ఖనిజం తరిగిపోతున్నందుకిచ్చే) తగ్గింపూ వస్తాయి కాబట్టి చాలామందికి అదే మేలు. అమ్మితే, నేల కింది ఖనిజం స్థిరాస్తి కిందికే వస్తుంది కనుక కొనేవాడు మొత్తం ధరలో 15 శాతం ఆపి 20 రోజుల్లో అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్‌కు కట్టాలి. అసలు పన్ను అంతకంటే తక్కువైతే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవాలి, అందుకు ఐటీఐఎన్ అనే అమెరికా పన్ను గుర్తింపు నంబరు ముందే ఉండాలి. నంబరు లేక డబ్బు ఏడాదికి పైగా అక్కడే చిక్కుకోవచ్చు. ఇక్కడ రెసిడెంట్ అయితే ఆ ఆదాయం మన రిటర్న్‌లోనూ చూపాలి, అక్కడ కట్టిన పన్నుకు క్రెడిట్ అడగాలి, విదేశీ ఆస్తుల పట్టికలో ఆ హక్కును రాయాలి. చెక్కు రాని, బావి లేని మినరల్ హక్కు కూడా ఆస్తే. రాయకపోతే బ్లాక్ మనీ చట్టంలో 10 లక్షల రూపాయల జరిమానాకు దారి ఉంది.

అమ్మకం అయ్యాక, నమోదైన డీడ్ కాపీ మీద కౌంటీ క్లర్క్ ముద్ర, పుస్తకం పేజీ నంబరు ఉన్నాయో చూసి, ఆపరేటర్ డివిజన్ ఆర్డర్ విభాగానికి మీరే ఒకటి పంపండి. కొన్నవాడు పంపుతాడులే అని వదిలేస్తే చెక్కులు మీ పేరునే వస్తుంటాయి, ఏడాది చివర 1099 ఫారం (పన్ను శాఖకు వెళ్లే ఆదాయపు లెక్క) కూడా మీ పేరునే పడుతుంది, లేని ఆదాయానికి మీరు సంజాయిషీ ఇచ్చుకోవాలి. కొంత హక్కే అమ్మితే మిగిలిన దశాంశంతో కొత్త డివిజన్ ఆర్డర్ వస్తుంది. టెక్సస్‌లో ఉత్పత్తి ఉన్న మినరల్స్ మీద కౌంటీ ఆస్తిపన్నును జనవరి 1న ఎవరి పేరుంటే వాళ్ల మీద వేస్తారు. డిసెంబరులో అమ్మినవాళ్లు ఈ తేదీ చూసుకోవాలి.